మల్లెకూ మొగలికీ నడుమ

రావులపాలెం సముద్రపు ఊరు కాదు. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, రెండింటినీ దాటించే జాతీయ రహదారి, ఆ రహదారి పక్కన అరటిగెలల మార్కెట్టు. మన ఊరంటే బయటివాళ్లకు తెలిసింది ఇంతే. జొన్నాడ వంతెన దాటి వచ్చేవాళ్లకైనా, సిద్ధాంతం వంతెన దాటి వచ్చేవాళ్లకైనా కోనసీమకు ఇది గుమ్మం. గుమ్మంలో నిలబడితే పెరడు కనబడదు. కోనసీమ పెరడు సముద్రం. అక్కడికి మనకు బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం కావాలన్నప్పుడు, ఆనకట్ట గురించీ అరటి మార్కెట్టు గురించీ రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కదా అనిపించింది. అందుకని నేను పూలమొక్కల దారి పట్టుకుని సముద్రం దాకా వెళ్లదలచాను. మన బడిలో చదివినవాళ్లలో అటువైపు నుంచి వచ్చి మేనమామల ఇళ్లలోనో, అమ్మమ్మల దగ్గరో ఉండి చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఇక్కడ చదివి అటువైపు బడుల్లో పంతుళ్లుగా పనిచేసినవాళ్లూ ఉన్నారు. నేను చెప్పబోయే మొక్కలన్నీ వాళ్లకు తెలిసినవే. ఆ మొక్కల వెనక ఉన్న చరిత్రను ఒక వరుసలో పెట్టడమే నా పని.

నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. మన సీమలో మంచినీళ్లు ఎంతవరకు వెళితే మల్లె అంతవరకు వెళుతుంది. ఉప్పు ఎక్కడ మొదలైతే అక్కడినుంచి మొగలి రాజ్యం. ఈ రెండింటి నడుమ ఉన్న గీత ఒక్కచోట నిలిచినది కాదు. నూట డెబ్బై ఏళ్ల కిందట సముద్రం వైపు కదలడం మొదలుపెట్టింది. గత ముప్పై ఏళ్లుగా వెనక్కి వస్తోంది. తీరపు ఊరు ఎలా బతుకుతుందో ఆ గీతను బట్టే తెలిసిపోతుంది.

మొగలితో మొదలుపెడదాం. ఇప్పటి పిల్లలకు ‘మొగలి రేకులు’ అంటే టీవీ సీరియల్. మన తరానికి అది అమ్మ పట్టుచీరల మధ్య పెట్టె అడుగున ఎండి, గోధుమరంగుకు తిరిగి, మూత తీయగానే గది నిండిపోయే వాసన. మొగలిలో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. వాసన పువ్వు మగమొక్కదే. మనం రేకులని పిలిచేవి అసలు పూరేకులు కావు. లోపలి పూలగుత్తిని చుట్టుకుని ఉండే లేత ఆకులవి. ఆడమొక్కకు అనాసపండులాంటి కాయ కాస్తుంది. దాన్ని చూసి ఇది వేరే చెట్టనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొక్క మొదట్లోంచి ఊడలు దిగి ఇసుకలో పాతుకుంటాయి. ఆకు అంచులకు రెండు వైపులా ముళ్లు, నడి ఈనె మీద మరో వరుస ముళ్లు. పశువు దూరదు, మనిషి దూరడు. పాములుంటాయన్న భయం సరేసరి. ఎండిన ఊడ ముక్కను కోసి కొన నలగ్గొడితే సున్నం వేసే కుంచె అయ్యేది. సంక్రాంతికి ఇంటి గోడలు తెల్లబడింది కూడా మొగలి చలవేనన్నమాట.

దీని బొమ్మను లోకానికి చూపించినవారిలో ఒకాయన మనకు దగ్గరలోనే కాపురమున్నాడు. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 1781లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద సామర్లకోట వచ్చాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా అక్కడే ఉన్నాడు. మిరియం మొదలు ఎన్నో మొక్కలు పెంచి చూశాడు. ఈ దేశపు చిత్రకారులను కూర్చోబెట్టి మన చెట్లకు రంగుల బొమ్మలు గీయించాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండనులో అచ్చయింది. మొత్తం 300 బొమ్మలు. అందులో మొగలి ఉంది. లాటిను పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడాయన. ఊళ్లో కట్టెలు కొట్టేవాడూ మందాకులు ఏరేవాడూ చెప్పిన పేర్లు అలా లండను అచ్చులోకి ఎక్కాయి. మన బడిలో వృక్షశాస్త్రం చెప్పిన మాస్టర్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. పిల్లలకు మాత్రం రాక్స్‌బరో పేరు ఇంకా చెప్పాల్సే ఉంది.

మొగలికి ఒక శాపం ఉంది. లింగం తుద చూశానని బ్రహ్మ అబద్ధమాడితే ఈ పువ్వు సాక్ష్యం పలికిందట. శివుడు తన పూజకు పనికిరావు పొమ్మన్నాడు. కోనసీమ లోపలి ఊళ్లు చూడబోతే శివుడి ఊళ్లు. కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండుమంది రుద్రులు ప్రభలెక్కి కలుసుకుంటారు. మనకు కూతవేటు దూరంలో ఉన్న పలివెలలో స్వామికి ఏకంగా కొప్పే ఉంది. రాజుగారికిచ్చిన ప్రసాదంలో వెంట్రుక కనబడితే, పూజారి భయపడి అది స్వామి వెంట్రుకే అన్నాడనీ, అతణ్ణి కాపాడటానికి లింగానికి కొప్పు మొలిచిందనీ చెప్పుకుంటారు. అంతటి దయగల దేవుడు కూడా మొగలిని మాత్రం క్షమించలేదు. దేవుడు వద్దన్న పువ్వును ఆడవాళ్లు జడలోకి తీసుకున్నారు. శ్రావణం, భాద్రపదం వచ్చాయంటే వానలతోపాటు మొగలి పొత్తులు వచ్చేవి.

ఇలా మొక్కల వల్ల పేరు తెచ్చుకున్న ఊళ్లూ ఉన్నాయి. మామిడికుదురు పక్కన మొగలికుదురు. రాజోలు దగ్గర పొన్నమండ. కుదురు అంటే మొక్క మొదలు. ఇంటిపేర్లు మారతాయి, భూముల యజమానులు మారతారు, సర్వే నంబర్లు మారతాయి. ఊరిపేరు మాత్రం మొదటిసారి అక్కడ పాక వేసినవాడి కంటికి ఎదురుగా ఏముందో చెబుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు తీరపు ఊరికి వెళదాం. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, కాట్రేనికోన వైపు ఊళ్లలో పెరిగినవాళ్లు కళ్లు మూసుకుంటే కనబడే సంగతి ఇది. అలలు ఆగే చోటు దాటగానే మొట్టమొదట ఇసుకమీద పాకేది బాలబందితీగ. ఊదారంగు పూలు, మేక గిట్టలాంటి ఆకులు. దాని పక్కనే రావణాసురుడి మీసాలు. ఆ గడ్డి ఎండి గుండ్రటి ముళ్లబంతులై గాలికి దొర్లిపోతుంటే పిల్లలు వెంటపడతారు. ఈ రెండూ ఇసుకను పట్టి కాస్త ఎత్తు చేసిన తర్వాత మొగలి వస్తుంది. మొగలి వెనక పొన్న, గంగరావి. వాటి వెనక తాడి, జీడిమామిడి, ఆ తర్వాతే కొబ్బరి, కొబ్బరి కిందే ఇల్లు. ఒక్కో వరుస తన వెనకున్న వరుసకు ఉప్పుగాలి తగలకుండా కాస్తుంది. ఇది ఎవరో కూర్చుని నాటిన వరుస కాదు. దీన్ని చెడగొట్టకూడదని మాత్రం ఆ ఊళ్లవాళ్లకు తెలుసు.

ఊరు కూడా ఆ వరుసకు లోబడే కట్టుకున్నారు. ఒకప్పటి సముద్రపు ఒడ్డులే ఇసుక మెరకలై తీరానికి సమాంతరంగా వరుసలు తీరి ఉంటాయి. ఇళ్లు మెరకమీద, వరి పల్లంలో. ఆపైన ఉప్పు పేరిన పర్ర. మెరక ఇసుకలో వాన నీరు ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. నాలుగడుగులు తవ్వి పల్లంగా చేసుకుంటే దొరువు. కడవతో దిగి ముంచుకోవడమే. తాగటానికి, పాదులకు, పూలమొక్కలకు ఆ నీరే. దొరువులో నీళ్లు తీయగా ఉండాలంటే మెరక ఉండాలి, మెరక కరిగిపోకుండా ఉండాలంటే మొగలి ఉండాలి. తీరపు ఊరి ఆడవాళ్లు సముద్రం వైపు కట్టెలకు వెళ్లినప్పుడు మొగలి ఎండాకు తెచ్చుకున్నారే గాని మొదలు నరకలేదంటే, ఈ లెక్క తెలియబట్టే.

పొన్న గురించి రెండు ముక్కలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనం పూర్తిగా మరిచిపోయాం. నిగనిగలాడే దళసరి ఆకులు, తెల్లటి పూలు, మధ్యలో పసుపు దుబ్బు, సన్నటి పరిమళం. కాయలు పిల్లలకు గోళీలు. గింజల నూనె దీపాలకు వాడేవారు. కలప పడవలకు పనికొస్తుంది. వైష్ణవాలయాల ఉత్సవాల్లో పొన్న వాహనం కట్టి కృష్ణుణ్ణి కూర్చోబెడతారు. దీపం, పడవ, గోళీ, దేవుడి వాహనం అన్నీ ఒక్క చెట్టునుంచే వచ్చిన కాలం అది. చెట్టుకింద వలలు బాగుచేసుకుంటూ కూర్చునే మత్స్యకార పెద్దలు ఉన్న ఊళ్లలో ఆ నీడే పంచాయతీ అరుగు కూడా.

అంతర్వేది ఆలయం ఆ సముద్రపు బతుకులోంచే లేచింది. ఇప్పుడున్న గుడి 1823లో పూర్తయిందని చెబుతారు. కట్టించినవారు అగ్నికులక్షత్రియుడైన కొపనాతి కృష్ణమ్మ. వసిష్ఠ సముద్రంలో కలిసే ఆ కొసన, మాఘశుద్ధ దశమి రాత్రి నరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. తీర్థానికి వచ్చే జనం సంగతి మీకు తెలిసిందే. అక్కడికి పూలు ఎక్కడినుంచి వస్తాయన్నది ఈ వ్యాసానికి ముఖ్యం. ఆ మాట తర్వాత చెబుతాను.

మల్లెది వేరే కథ. మల్లె ఉప్పును ఓర్చుకోలేదు. పైగా అది పూసేది ఎండాకాలంలో. సరిగ్గా అప్పుడే మన కాలువలు కట్టేస్తారు. అంటే మల్లె నిండుగా పూసే రోజుల్లో దానికి కాలువ నీరు ఉండదు, బావినీరే దిక్కు. ఏ పెరట్లో ఏప్రిల్ నెలలో మల్లెపొద గంపెడు పూసిందో ఆ ఇంటి బావి మంచిదని లెక్క. సంబంధానికి వెళ్లిన పెద్దలు పెరట్లోకి తొంగిచూసేవారంటే అందుకు కూడా కావచ్చు.

ఆనకట్టకు ముందు మన సీమ పచ్చగా ఉండేదనుకోవడం పొరపాటు. 1832-33 నందననామ సంవత్సరపు కరువు పెద్దల నోళ్లలో తరాల పాటు నిలిచిపోయింది. కొన్నేళ్లకు, 1839 నవంబరులో, కోరంగి రేవును ఉప్పెన ముంచింది. అంతకుముందు 1787లోనూ అదే రేవు మునిగింది. నది నిండా నీరుండీ వాడుకునే దారి లేక, సముద్రం వైపునుంచి ఉప్పు పైకి ఎక్కి వస్తున్న రోజుల్లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో పని మొదలుపెట్టాడు. 1847లో మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడక్టు లేచి, ఏటిమీదుగా కాలువను అవతలి లంకకు, నగరం వైపుకు దాటించింది. ఇప్పుడు ఆ పక్కన కొత్తగా కట్టిన దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు నీళ్లు మోసే వంతెనకు పెట్టడం మన సర్కారువారు చేసిన మంచి పనుల్లో ఒకటి.

కాలువ వచ్చిందంటే పొలానికి నీరొచ్చిందని మాత్రమే చదువుకున్నాం. కాలువ గట్టు పక్కన నీరు ఇంకి బావులూ తియ్యబడ్డాయి. వాటి వెంట పెరళ్లు వచ్చాయి. కొబ్బరి చుట్టూ అరటి, అరటి నీడ అంచున మల్లె, మందారం, నందివర్ధనం, కనకాంబరం, గోడవారగా మరువం, దవనం. అక్విడక్టు అవతలి ఊళ్లలో మల్లెపొద ఉందంటే దాని వేళ్లు ధవళేశ్వరంలో ఉన్నాయన్నమాట. తీరపు ఊళ్ల తీరు కూడా దాంతో మారిందని అనుకోవాలి. ఇసుక మెరకమీద వేటకు వెళ్లేవాళ్ల పాకలు ఉన్నచోట తోటలు లేచాయి. తోట ఉన్నచోట కంచె వచ్చింది, కంచె ఉన్నచోట దస్తావేజు వచ్చింది. మొగలి ఎవరిదీ కాదు. మల్లె మాత్రం ఎవరో ఒకరిదే. కంచెకు అవతల నుంచి చేయి చాచి కోస్తే తగువే.

ఈ మూడు ప్రాంతాల కలయికను ఒక్కచోట చూడాలంటే పూలజడ చూడాలి. అరటి దొప్పను జడ పొడవునా కోసి, దానిమీద మల్లెమొగ్గల్ని వరుసగా సూదితో గుచ్చి, నడుమ కనకాంబరాలు పెట్టి, అంచుకు మొగలి రేకు మడిచి కుట్టేవారు. అరటి దొప్ప మన రావులపాలెం లంకలది. మల్లె కాలువ కింది పెరళ్లది. మొగలి సముద్రపు ఒడ్డుది. పెళ్లికూతురి వీపుమీద కోనసీమ పటమంతా వేలాడుతుండేది. విడిపూలు కట్టినా అంతే, నార అరటిదే. నానబెట్టిన అరటినారతో కట్టిన దండ దారంతో కట్టిన దండలా పువ్వు మెడను కోసేయదు. గెలలు లారీలెక్కించే రైతు ఎవరూ ఈ నారకు లెక్క రాయలేదు. కాని ఎన్నో ఊళ్లలో పూలమ్ముకుని బతికిన ఆడవాళ్లకు అది ఉచితంగా దొరికిన సరుకు.

ఆ ఆడవాళ్ల చేతి సంపాదన కూడా చరిత్రే. తెల్లవారకముందే కోత, పొద్దెక్కేసరికి మాలకట్టు, మధ్యాహ్నానికి బుట్ట చంకన పెట్టుకుని వీధులు. మూరకు ఇంత. ఎవరి మూర వాళ్లదే. పొట్టిచేతులవాళ్ల దగ్గర కొనకే అని పెద్దవాళ్లు ఆడపిల్లలకు చెప్పి పంపడం మీరూ వినే ఉంటారు. ఆ మూరల మీద వచ్చిన డబ్బు ఇంట్లో మగవాళ్ల చేతికి పోయేది కాదు. పలకలూ పుస్తకాలూ కొన్నది, ఫీజులు కట్టింది ఎక్కువగా ఆ డబ్బే. ఈ సంచిక చదువుతున్నవాళ్లలో కొందరి చదువు పూలబుట్టలోంచి వచ్చిందని నేను ధైర్యంగా చెప్పగలను.

గౌతమి అవతల ఇదే పూలపని వ్యాపారమై ఎంత ఎత్తుకు పోయిందో మనకు తెలుసు. కడియపులంక అంటే పూల లంక అనుకుంటారు చాలామంది. అది కడియపు లంక, కడియానికి చెందిన లంక. పేరును తప్పుగా విడగొట్టినా అర్థం మాత్రం నిజమై కూర్చుంది. గోదావరి ఒండ్రులో చామంతి, బంతి, లిల్లీ, కాగడా, మల్లె వేసిన రైతులు పూలతో మొదలై మొక్కలు అమ్మడంలోకి వచ్చారు. నర్సరీ అనగానే పల్ల వెంకన్నగారి పేరు తలచుకుంటారు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక దాకా ఇప్పుడు వందల నర్సరీలు, వేల ఎకరాలు. దేశమంతటికీ ఇక్కడినుంచి లారీలు వెళతాయి. రహదారి పక్క పూలమార్కెట్టులో తెల్లవారుజామున వేలం కేకలు విన్నవాళ్లకు నేను వర్ణించనక్కర్లేదు.

అంతర్వేది కల్యాణానికి పూలు ఎక్కడినుంచి అన్నానే, ఆ జవాబు ఇక్కడుంది. మాఘమాసానికి లంకల్లో చామంతి, బంతి నిండుగా ఉంటాయి. ఆ బుట్టలు మన ఊరిమీదుగానే సముద్రం వైపు దిగుతాయి. తీరానికి లోపలి సీమ పూలు పంపడం కొత్త సంగతేమీ కాదు, అది ఆనకట్ట తెచ్చిన సంబంధమే. ఇప్పుడు పండగ కాని రోజుల్లో కూడా, పెరట్లో కోసుకోవాల్సిన పూలు సైతం కొనుక్కోవాల్సి రావడమే కొత్త. అది ఎలా వచ్చిందో చెప్పాలి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను ఎలా వచ్చిందో చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. కాట్రేనికోన, ఐ.పోలవరం, భైరవపాలెం వైపు పోయిన ప్రాణాలు తలచుకుంటే ఈరోజుకీ మాట పెగలదు. తోటల్లో కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకున్నాయి. పెరళ్లు, పొదలు, పందిళ్లు ఏవీ మిగల్లేదు. తీరం వెంట మళ్లీ చెట్లు పెంచాలని అందరూ అనుకున్నారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఆ మాట ఇంకా గట్టిగా వినబడింది. పెంచింది ఎక్కువగా సరుగుడు. సరుగుడు త్వరగా ఎదుగుతుంది, గాలిని ఆపుతుంది, కట్టె అమ్ముడుపోతుంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కాని నాలుగైదేళ్లకోసారి కొట్టేసే చెట్టు, దాని కింద రాలిన పుల్లల పరుపులో మరో మొక్క లేవడం కష్టం. మొగలి, పొన్న, గంగరావి, బాలబంది కలిసి చేసిన పనిని ఒక్క సరుగుడుతో చేయించాలనుకున్నాం. తీగ ఉండాల్సిన చోట తీగ, పొద ఉండాల్సిన చోట పొద లేకపోతే ఇసుక గట్టు నిలవదని నా అభిప్రాయం.

తుపానుకన్నా నెమ్మదిగా, తుపానుకన్నా లోతుగా వచ్చింది ఉప్పు. 1990 తర్వాత పర్రభూముల్లో రొయ్యల చెరువులు లేచాయి. పర్రలతో ఆగితే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. వరి పల్లాల్లోకి వచ్చాయి, తోటల పక్కకు వచ్చాయి. తుపాను వచ్చిన ముప్పై అయిదో రోజున, 1996 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పే ఇచ్చింది. వ్యవసాయ భూములను, మడ అడవులను చెరువులుగా మార్చకూడదంది. 2005లో దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చి చెరువులకు అనుమతులిచ్చే పద్ధతి పెట్టింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి నాకంటే మీరే సమర్థులు, మీ ఊళ్లు మీ కళ్లముందే ఉన్నాయి.

రొయ్య చెడ్డదని నేను అనడం లేదు. పెంకుటిళ్లు డాబాలైంది, పిల్లలు ఇంజనీరింగు చదివింది, ఆడపిల్లలకు మంచి సంబంధాలు వచ్చింది చాలా ఇళ్లలో ఆ డబ్బుతోనే. ఈ సంఘానికి చందాలిచ్చినవాళ్లలోనూ ఆ సంపాదన ఉండొచ్చు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. కాని చెరువులో నిలబెట్టిన ఉప్పునీరు చెరువులోనే ఉండదు. గట్టు కింద నుంచి ఊరి, మొదట పక్క పొలానికి, ఆపైన మెరక కింది తియ్యటి నీటికి తగులుతుంది. దొరువు మీద మోటారు పెట్టి లాగితే అడుగునున్న ఉప్పు ఇంకా తొందరగా పైకొస్తుంది. మనిషికి నాలుక్కి తెలిసేలోపే మల్లెకు తెలుస్తుంది. మొదట ఆకు అంచు మాడుతుంది, మొగ్గ చిన్నదవుతుంది, మూడో వేసవికి పొద ఎండుతుంది. తర్వాత మందారం. కొబ్బరికి తెలియడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. ఊళ్లో నీళ్ల ట్యాంకరు తిరగడం మొదలయ్యేది ఆఖర్న. నీటి పరీక్షల కాగితాలకన్నా ముందు పెరట్లో మల్లెపొద చెప్పిన మాట విని ఉంటే కొన్ని ఊళ్లలోనైనా దొరువులు మిగిలేవి.

సముద్రం వైపు చూస్తే అటునుంచీ ఇదే. లేఅవుట్లకు, రిసార్టులకు, చెరువుల దారులకు మొగలి పొదలు అడ్డం. ముళ్లపొద తీసేసి చదును చేసిన చోటును బాగుచేసిన స్థలం అంటున్నాం. ఉత్తరాన ఒడిశాలోని గంజాం జిల్లాలో ఇదే మొగలి మగపువ్వునుంచి కేవడా అత్తరు తీసి దేశమంతా అమ్ముతున్నారు. ఛత్రపురం, గోపాలపురం చుట్టుపక్కల పొలం గట్లన్నీ మొగలే. బరంపురం వైపు ఉన్న తెలుగువాళ్లకు అది తెలిసిన వ్యాపారం. అక్కడ పొదకు విలువ ఉంది కనుక పొద ఉంది. మన దగ్గర అది ఇసుకను పట్టింది, నీటిని కాచింది, జడను అలంకరించింది. వీటిలో దేనికీ ధర కట్టలేదు కనుక ఎవరూ అడ్డుపడలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లలో ఏ ఇంటి ముందు చూసినా గన్నేరు, కాగితంపూలు, బిళ్లగన్నేరు. ఉప్పుకు, ఇసుకకు, మనిషి మరుపుకు తట్టుకునే మొక్కలవి. బిళ్లగన్నేరును తక్కువ చేయకండి, రక్తపు క్యాన్సరుకు వాడే మందు అందులోంచే తీశారు. కాని దాన్ని ఎవరూ మాల కట్టరు. మాల కట్టాల్సిన పూలు పొద్దున్నే కడియపులంకనుంచి ఆటోల్లో, బస్సుల్లో దిగుతాయి. మూర కొలిచేది తీరపు ఊరి మనిషే, కాని పువ్వు ఆమె పెరటిది కాదు. పెట్టుబడి పెట్టి కొన్న పువ్వు సాయంత్రానికి అమ్ముడుపోకపోతే ఆ నష్టం ఆమెదే. పూర్వం అమ్ముడుపోని పూలు దేవుడి పటానికి పోయేవి, అంతే.

చదువుకున్నవాళ్లం, పదిమందికి చెప్పగలిగినవాళ్లం ఇంతమంది ఒకచోట చేరుతున్నాం కనుక రెండు మాటలు అడుగుతాను. తీరం వైపు భూమి ఉన్న మిత్రులు సముద్రం వైపు గట్టుమీది మొగలిని అలా వదిలేయండి, అది మీ బావికి కాపలా. అటువైపు బడుల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులు తొమ్మిదో తరగతి పిల్లల చేత ప్రతి ఏప్రిల్లో ఒక లెక్క రాయించండి: ఊళ్లో ఎన్ని ఇళ్లలో మల్లెపొద బతికి ఉంది, పోయిన ఏడు ఎన్ని, బావినీళ్లు ఎలా ఉన్నాయి. పదేళ్లు రాస్తే ఏ ఆఫీసులోనూ దొరకని చరిత్ర మన దగ్గర ఉంటుంది.

మొక్కలకు మనం ఎక్కడికో పోనక్కర్లేదు, నర్సరీలు ఏటి అవతలే. కాని కొనేవాడు అడగనిదే ఏ నర్సరీవారూ పెంచరు. స్వర్ణోత్సవానికి గుర్తుగా బడి ఆవరణలో మొక్కలు నాటే ఆలోచన ఉంటే వాటిలో రెండు పొన్నలు ఉండేలా చూడమని కోరుతున్నాను. మన లంకమట్టిలో పొన్న బాగానే పెరుగుతుంది, నీడ చిక్కనిది, కాయలు పిల్లలకు పనికొస్తాయి. మొగలి మాత్రం బడిలో వద్దు. ఆ ముళ్లకు పిల్లల చొక్కాలు చిరిగితే తల్లులు మన సంఘం మీదికి వస్తారు.